ఆదోనిలో సెకండ్‌హ్యాండ్ ఎన్‌సీటీ: ఒకే కంటికి మూడు అంకెలు ఎందుకు చూపిస్తోంది?

ఆదోని తమ్ముడు అడిగింది ఇది. మార్కెట్ యార్డుకు పోయే దారిలో కళ్ళద్దాల షాపు, వెనకాల చిన్న పరీక్ష గది. సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎన్‌సీటీ (నాన్-కాంటాక్ట్ టోనోమీటరు) కొన్నాడు. కంటికి తగలకుండా గాలి ఊది ప్రెజర్ చూసే మిషను అది. ఒకే మనిషికి, ఒకే కంట్లో, ఒక నిమిషంలోనే 14, 19, 16 అని వస్తున్నాయి. మధ్యాహ్నం దాటితే ఎర్రర్లు మరీ ఎక్కువ. "మిషను పోయిందా అన్నా? అసలు లోపల ఏం జరుగుతుంది, దీన్ని ఎట్లా చూసుకోవాల, నీళ్ళు తగిలితే ఏం చేయాల?" అని.

నేను కర్నూల్లో కంటి పరికరాల సర్వీసు చేయబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. నంద్యాల, డోన్, ఎమ్మిగనూరు, ఆదోని అన్నీ నా తిరుగుడు ఊర్లే. "ఎన్‌సీటీ పోయింది, రండి" అని పిలిస్తే పోయి చూసినవాటిలో సగానికి పైగా మిషన్లకు ఏ రోగమూ లేదు. గాలి పోయే దారిలో దుమ్ము ఉంటుంది, లేదా కూర్చున్న మనిషి బిగుసుకుపోయి ఉంటాడు. నీది కూడా ఆ రెంటిలో ఒకటే అని నా అనుమానం. ఎందుకో తెలియాలంటే ముందు పని తీరు తెలియాల.

బనగానపల్లె మామిడి కొనేటప్పుడు బొటనవేలితో మెత్తగా నొక్కి చూస్తాం గదా, కంటి ప్రెజర్ చూడటమంటే అదే. కంటి లోపల నీళ్ళలాంటి ద్రవం ఒకటి ఊరుతూ, సన్నటి జల్లెడలాంటి దారి గుండా బయటికి పోతూ ఉంటుంది (కన్నీళ్ళు వేరు, వాటికీ దీనికీ సంబంధం లేదు). ఊరేదానికీ పోయేదానికీ లెక్క కుదిరితే లోపలి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. పోయే దారి మూసుకుంటే ఒత్తిడి పెరిగి వెనకాల నరం నలుగుతుంది. నీటికాసులు (గ్లాకోమా) అనేది ఆ నరం జబ్బు. మిషన్లు లేని కాలంలో డాక్టర్లు మూసిన రెప్ప మీద రెండు చూపుడువేళ్ళు ఆనించి, గుడ్డు గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని అంచనా కట్టేవాళ్ళు. ఏ పరికరమూ దగ్గర లేకపోతే ఇప్పటికీ అదే చేస్తారు.

వేలి అంచనాను అంకెల్లోకి తెచ్చిన మొదటి పనికొచ్చే పరికరం 1905లో నార్వే డాక్టరు షియోట్జ్ చేసినది. నేను పనిలో చేరిన కొత్తలో ప్రతి చిన్న క్లినిక్‌లోనూ అదే ఉండేది. మనిషిని పడుకోబెట్టి, మత్తు చుక్కలు వేసి, ఐదున్నర గ్రాముల బరువుతో కంటి మీద నిలబెడితే ముల్లు జరుగుతుంది. కన్నీరు ఎండిపోయి మధ్యలోని కడ్డీ పట్టుకుపోయేది. దాన్ని శుభ్రం చేయడమే నా మొదటి ఉద్యోగం అనుకో. తర్వాత 1950లలో స్విట్జర్లాండులోని బెర్న్‌లో గోల్డ్‌మన్ అనే డాక్టరు, కంటిని పెద్దగా చేసి చూసే స్లిట్‌ల్యాంపుకు తగిలించే టోనోమీటరు (ప్రెజర్ కొలిచే పరికరం) తెచ్చినాడు. నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, అంటే కార్నియాను, సరిగ్గా 3.06 మిల్లీమీటర్ల వెడల్పున చదును చేయడానికి ఎంత బలం కావాలో అది చూస్తుంది. ఆ వెడల్పు ఊరికే పెట్టింది కాదు. కార్నియా బిర్రు బయటికి తోస్తుంది, కన్నీటి పొర లోపలికి లాగుతుంది. అక్కడ ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. గ్రాముల్లో వచ్చిన బలాన్ని పదితో గుణిస్తే ప్రెజర్. ఈరోజుకీ పెద్ద డాక్టర్లు నమ్మేది దాన్నే.

నీ మిషను తాత 1972 నాటిది. అమెరికన్ ఆప్టికల్ కంపెనీలో బెర్నార్డ్ గ్రోల్‌మన్ అనే ఆయన, కంటిని ముట్టుకోకుండా గాలితోనే చదును చేస్తే పోలా అని ఆలోచించినాడు. లోపల ఒక చిన్న సిలిండరు, దాంట్లో పిస్టను ఉంటాయి. మీట నొక్కగానే సోలెనాయిడ్, అంటే కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగచుట్ట, ఆ పిస్టన్ను తోస్తుంది. గాలి బిగిసి, ముందున్న సన్నటి నాజిల్ గుండా కంటి మీదికి వస్తుంది. ఆ గాలి బలం ఒక్కసారిగా రాదు, క్షణ క్షణానికీ సమంగా పెరుగుతూ పోతుంది. అందులోనే ఉంది కిటుకంతా.

మిషనుకు ఒత్తిడి కనపడదు, అది చూసేది వెలుగును. నాజిల్‌కు ఒక పక్క నుంచి కంటికి కనపడని ఇన్ఫ్రారెడ్ వెలుగు ఏటవాలుగా కార్నియా మీద పడుతుంది. రెండో పక్క ఒక సెన్సరు కాచుకొని ఉంటుంది. కార్నియా మామూలుగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి వెలుగు చెదిరిపోయి, సెన్సరుకు చేరేది కొంచెమే. గాలి పెరిగేకొద్దీ కార్నియా అణిగి, ఒక్క క్షణం బల్లపరుపు అద్దంలా అవుతుంది. అప్పుడు వెలుగంతా పోయి సెన్సరు మీద పడుతుంది. ఆ వెంటనే కార్నియా లోపలికి గుంటపడి, వెలుగు మళ్ళీ చెదురుతుంది. వెలుగు శిఖరానికి చేరిన ఆ క్షణంలో సిలిండరులో గాలి ఒత్తిడి ఎంత ఉందో ప్రెజర్ సెన్సరు చెబుతుంది, లోపలి లెక్క దాన్ని కంటి ప్రెజరుగా మారుస్తుంది. పాత మిషన్లలో శిఖరానికి ఎంతసేపు పట్టిందనే కాలాన్నే కొలిచేవాళ్ళు. మెత్తటి కన్ను త్వరగా చదునవుతుంది, గట్టి కన్నుకు ఎక్కువసేపు పడుతుంది. అంతా కొన్ని మిల్లీసెకన్ల పని. మనిషి ఉలిక్కిపడి రెప్ప వేసేలోపే కొలత అయిపోతుంది. కొత్త మిషన్లు శిఖరం దొరకగానే సోలెనాయిడ్‌ను ఆపేస్తాయి కాబట్టి గాలి దెబ్బ కూడా తక్కువే.

ఇప్పుడు నీ 14, 19, 16 దగ్గరికి వద్దాం. కంటి ప్రెజర్ నిలకడగా ఉండేది కాదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా రెండు మూడు పాయింట్లు పైకీ కిందికీ ఆడుతుంది. గోల్డ్‌మన్‌తో కొన్ని సెకన్లపాటు చూస్తాం కాబట్టి ఆ ఆట కళ్ళకు కనపడుతుంది, మధ్యమం పట్టుకోవచ్చు. ఎన్‌సీటీ మాత్రం ఫోటో తీసినట్టు ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది. అది నాడి పైకి లేచినప్పటిదో, కింద ఉన్నప్పటిదో దానికి తెలియదు. అందుకే ఒక్కో కంటికి కనీసం మూడుసార్లు ఊది సగటు తీసుకోవాల. మూడూ మూడు పాయింట్ల లోపల ఉంటే బాగున్నట్టే. నీకు ఐదు తేడా వస్తోంది, అది నాడి పని కాదు. పక్కన చుక్కగుర్తు గానీ బ్రాకెట్టు గానీ ఉందేమో చూడు. చాలా మిషన్లు "ఈ అంకెను నమ్మొద్దు" అని చెప్పేది అట్లాగే. అవి వదిలేసి మళ్ళీ ఊదు.

ఇంక మనిషి బిగుసుకోవడం సంగతి. పత్తికొండ దగ్గర ఒక ఊర్లో కంటి క్యాంపు పెట్టినారు, మిషను నాది, చూసేవాళ్ళు వేరే. బడి వరండాలో బెంచీ మీద పెట్టినాం. మొదట కూర్చున్న అవ్వకు ఏమీ చెప్పకుండా గాలి ఊదినారు. ఆమె "అయ్యో, కన్ను పాయ నాయనా!" అని అరిచి లేచింది. వరుసలో నలభై మంది ఆ అరుపు విన్నారు. ఆ తర్వాత కూర్చున్న ప్రతివాళ్ళూ పళ్ళు బిగబట్టి, ఊపిరి ఆపి, రెప్పలు పిండుకొని కూర్చున్నారు. 24, 26, 27. ఊరు ఊరంతా నీటికాసులే అన్నట్టు. క్యాంపు నడిపేవాళ్ళు కంగారుపడి, మిషను చెడిందని నన్ను తిట్టినారు. నేను మిషన్ను ముట్టుకోలేదు. ఒక పెద్దాయన్ను పిలిచి, ఆయన ముంజేతి మీద రెండుసార్లు ఊదించి, "ఇదే పెద్దాయనా, ఉత్త గాలి, ఇంతకన్నా ఏం లేదు" అన్నాను. ఆయన నవ్వి, వెనకాల ఉన్నవాళ్ళకు గట్టిగా చెప్పినాడు. మళ్ళీ చూస్తే 26 వచ్చినాయనకు 16. రెప్పలు పిండితే, ఊపిరి బిగబడితే కంటి ప్రెజర్ నిజంగానే పెరుగుతుంది, కాబట్టి మిషను చెప్పింది అబద్ధం కాదు. మనకు కావలసిన ప్రెజర్ అది కాదు, అంతే.

అందుకే కూర్చున్న వెంటనే ఊదొద్దు. చొక్కా పై గుండీ బిగుతుగా ఉంటే విప్పించు, మెడ బిగిసినా అంకె పెరుగుతుంది. గడ్డం, నుదురు ఆనాల. నుదురు వెనక్కు పోతే ఫోకస్ పోతుంది. రెప్ప సగం వాలి ఉంటే వెంట్రుకలు గాలికి, వెలుగుకు రెంటికీ అడ్డం. అప్పుడు నువ్వు పై రెప్పను వేలితో ఎత్తొచ్చు గానీ గుడ్డు మీద వేలు నొక్కుకోకూడదు, ఎముక అంచు మీదనే ఆనించాల. ఒకసారి బాగా రెప్పలు ఆర్పి, తెరిచి, పచ్చ చుక్కనో ఎర్ర చుక్కనో చూడమను. అది ఏ రంగు అనేది మిషన్ను బట్టి. కళ్ళు ఎండిపోయినవాళ్ళకు కార్నియా మీద వెలుగు సరిగ్గా తిరిగి రాదు, ఒకసారి రెప్పలు ఆర్పితే చాలావరకు సర్దుకుంటుంది.

మధ్యాహ్నం ఎర్రర్లకు నాకు రెండు అనుమానాలు. షాపు షట్టరు పడమర ముఖమైతే, మూడు దాటినాక ఎండ నేరుగా గదిలోకి వస్తుంది. ఎండలో ఇన్ఫ్రారెడ్ నిండుగా ఉంటుంది. అది సెన్సరు మీద పడితే, తిరిగొచ్చిన వెలుగేదో ఎండ ఏదో దానికి తెలియదు. గదికి ముదురు రంగు తెర ఒకటి కట్టు, మిషను ముఖం కిటికీ వైపు లేకుండా తిప్పు. ఖర్చు లేని మందు అది. రెండోది, ఆదోనిలో ఉండి దీన్ని మర్చిపోకూడదు, పత్తి. సీజనులో యార్డుకు బండ్లు వస్తుంటే గాలిలో దూది నుసి తేలుతూ ఉంటుంది. పొద్దున తుడిచిన టేబుల్ సాయంత్రానికి తెల్లగా అవుతుంది. ఆ నుసి నాజిల్ లోపలికి పోయి, మధ్యలో ఉన్న చిన్న గాజు కిటికీ మీద అంటుకుంటుంది. గాజు మసకబారితే కంటిని గురిచూడటం కుదరదు, గాలి దారిలో నుసి ఉంటే ఊదు తిన్నగా పోదు. ఇంకో చెడ్డ సంగతి, ఆ నుసి ఊదుతో పాటు పోయి కూర్చున్నవాడి కంట్లో పడుతుంది.

కాబట్టి పొద్దున మిషను వేయగానే, మనిషిని కూర్చోబెట్టక ముందు, ఖాళీగా రెండు మూడుసార్లు ఊదించు. లోపల ఏమన్నా ఉంటే బయటికి పోతుంది. తర్వాత టార్చి వేసి నాజిల్ లోపలికి చూడు. గాజు మీద మరక కనపడితే ముందు రబ్బరు బ్లోయరుతో ఊదు, కెమెరా లెన్సులకు వాడేది, పియర్ పండు ఆకారంలో ఉంటుంది. అప్పటికీ పోకపోతే నూగు రాని పుల్లకు కొంచెం స్పిరిట్ అద్ది, పిండేసి, మధ్య నుంచి అంచుకు సుతారంగా తిప్పు. సాదా దూది పుల్ల వాడితే ఒక మరక తీసి రెండు పోగులు వదులుతుంది. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపర ఎండి గాజు మీద పొరలా పడుతుంది. పిన్నీసు దూర్చొద్దు. ఒకాయన పంక్చరు షాపు కంప్రెసరు పైపు తెచ్చి నాజిల్‌కు పెట్టినాడు. దాంట్లో నూనె, నీళ్ళు కలిసి ఉంటాయి. అవి లోపలికి పోయినాక పూర్తిగా విప్పాల్సి వచ్చింది. థిన్నరు, పెట్రోలు, అద్దాలు తుడిచే స్ప్రే ఏదీ దీని దగ్గరికి రానీయొద్దు.

నాజిల్ బయటి అంచు వేరే సంగతి. గాలి తగిలినప్పుడు కన్నీరు తుంపరగా ఎగిరి వెనక్కు వచ్చి అక్కడ పడుతుంది. కరోనా వచ్చిన 2020లో ఈ తుంపర గురించి అందరూ భయపడి, చాలాచోట్ల ఎన్‌సీటీ పక్కన పెట్టినారు. భయం తగ్గినా అప్పటి అలవాటు మంచిదే. ఒక్కో మనిషికీ గడ్డం పట్టీ, నుదుటి పట్టీ, నాజిల్ అంచు స్పిరిట్‌తో తుడువు, గాలి ఆడేట్టు తలుపు తీసి ఉంచు. వానాకాలంలో కండ్లకలక వచ్చి కళ్ళు ఎర్రబడినవాళ్ళకు అసలు ఊదొద్దు, అవసరమైతే తగ్గినాక రమ్మను. కంటికి దెబ్బ తగిలి చినిగిందనే అనుమానం ఉన్నా, కార్నియా మీద పుండు ఉన్నా, ఈ మధ్యే ఆపరేషను అయినా వీళ్ళ మీద నీ మిషను పెట్టొద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి పంపు.

కరెంటు గురించి రెండు ముక్కలు. మూడు పిన్నుల ప్లగ్గు, నిజంగా ఎర్తు ఉన్న సాకెట్టు, మధ్యలో యూపీఎస్. వోల్టేజి ఊగే వీధిలో సోలెనాయిడ్ ఒక్కోసారి ఒక్కోలా తోస్తుందా అని అడుగుతారు. లోపలి సర్క్యూటు కొంతవరకు సర్దుకుంటుంది గానీ బోర్డులు కాలేది ఎక్కువగా కరెంటు పోయి వచ్చే క్షణంలోనే. ప్రింటరు కాగితం థర్మల్‌ది, మన కర్నూలు ఎండకు రెండు వేసవులు చూసేసరికి అంకెలు మాయమవుతాయి. ప్రతి అంకెనూ రిజిస్టరులో పెన్నుతో రాసుకో, టైముతో సహా. టైము ఎందుకంటే ఒక్క రోజులోనే ప్రెజర్ మూడు నుంచి ఆరు పాయింట్లు మారొచ్చు. పొద్దున చూసినదానికీ సాయంత్రం చూసినదానికీ తేడా వస్తే టైము తెలియకుండా గొడవ తేలదు.

నీరు తగిలితే ఏం చేయాలో కూడా అడిగినావు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు నా లెక్కలో ఏడు మిషన్లు బురదలో తేలినాయి. ఒకాయన తొందరపడి ఎండలో ఆరబెట్టి, బయట పొడిగా కనపడగానే స్విచ్ వేసినాడు, బోర్డు కాలిపోయింది. ఇంకొకాయన ముట్టుకోకుండా నన్ను పిలిచినాడు, విప్పి కడిగి ఆరబెట్టి మెయిన్ బోర్డు దక్కించుకున్నాం. తడిసినదానికి కరెంటు ఇవ్వకపోవడమే సగం రిపేరు. మామూలు రోజుల్లో తేమతో బాధ తక్కువే మనకు. అయినా వానాకాలంలో వారాలపాటు కవరు కప్పి మూలన పడేస్తే లెన్సుల మీద బూజు పడుతుంది, వారానికోసారి వేసి ఆడించాల. క్యాంపులకు తీసుకుపోతే పై తల కదలకుండా బిగించే లాకు వేసే పోవాల. ఆదోని నుంచి ఆలూరు పోయే ఆటోలో లాకు వేయని మిషను తిరిగొచ్చేసరికి ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

క్యాలిబ్రేషన్ నువ్వు చేయలేవు. గోల్డ్‌మన్‌కు బరువు కడ్డీ ఇస్తారు, 0, 2, 6 గీతల దగ్గర ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఎన్‌సీటీకి సర్వీసు ఇంజినీరు దగ్గర ఉండే నమూనా కన్ను కావాల, ఏడాదికోసారి చేయించు. మధ్యలో మాత్రం ఒక పని చేయి. నువ్వు, నీ షాపు పిల్లోడు, ఇంకెవరైనా ఒకరు, ముగ్గురి కళ్ళూ ప్రతి సోమవారం ఒకే టైముకు చూసి నోటుబుక్కులో రాయి. ఒకరికి మారితే అది వాళ్ళ కన్ను. ముగ్గురికీ ఒకే వైపు మూడు పాయింట్లు జరిగితే అది మిషను, అప్పుడు పిలువు. వీలైతే ఒక పది మందిని నీ దగ్గర చూసి, అదే రోజు గోల్డ్‌మన్ ఉన్న డాక్టరు దగ్గర చూపించి రెండు అంకెలూ పక్కపక్కన రాసుకో. నీ మిషను ఎటు వాలుతుందో తెలిసిపోతుంది.

చివరగా, అంకెను ఎంతవరకు నమ్మాల అనేది. మామిడి దగ్గరికే పోదాం. తోలు మందంగా ఉన్న కాయ లోపల మాగినా వేలికి గట్టిగానే తగులుతుంది. కార్నియా అంతే. సగటున 540 మైక్రాన్ల మందం, అంటే అర మిల్లీమీటరు పైన కొంచెం. 600 ఉన్నవాళ్ళకు ఉన్నదానికన్నా ఎక్కువ అంకె వస్తుంది, 480 ఉన్నవాళ్ళకు తక్కువ వస్తుంది. అద్దాలు తీసేయడానికి లేజరు చేయించుకున్నవాళ్ళ కార్నియా పల్చబడి ఉంటుంది, వాళ్ళకు 15 చూసి ధైర్యం చెప్పొద్దు. పైగా 21 దాటకపోయినా నీటికాసులు ఉండొచ్చు, 24 ఉన్నా నరం బాగుండొచ్చు. నీ మిషను జల్లెడ, తక్కెడ కాదు. 21 దాటి మళ్ళీ మళ్ళీ వస్తే డాక్టరు దగ్గరికి పంపు. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకుంటుంటే, అంకె ఎంత వచ్చినా కంటి నరం చూసే డాక్టరు దగ్గరికి పంపు. కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనపడుతున్నాయని ఎవరైనా వస్తే ఆరోజే పంపాల, అంకె 40 పైన ఉన్నా నీ మిషను ఎర్రర్ చూపిస్తున్నా సరే. కర్నూల్లో పెద్దాసుపత్రికి చెందిన ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, బస్సెక్కిస్తే చాలు.

"నాకు బీపీ లేదు, కంటికి బీపీ ఎట్లా వస్తుంది" అని రోజుకు పది మంది అడుగుతారు నిన్ను. రెండూ వేరు, ఒకటి మామూలుగా ఉన్నా రెండోది పెరగొచ్చు అని చెప్పు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇంతే. టార్చి వేసి నాజిల్ లోపల గాజు ఫోటో ఒకటి, మిషను వెనక పలక మీద మోడల్, సీరియల్ నంబరు ఉన్న ఫోటో ఒకటి తీసి ఇక్కడ పెట్టు. శుభ్రం చేసి, తెర కట్టి, నీ కంటికే పదిసార్లు ఊదించి ఆ పది అంకెలూ వరుసగా రాయి, మధ్యాహ్నం మూడు తర్వాత ఇంకో పది. అవి చూసినాక మళ్ళీ మాట్లాడదాం.